హమ్ము పోగొట్టిన ఆదివారాలు

మా చాచా ఆంప్లిఫయర్ స్విచ్ వేయగానే ఏమీ వినిపించదు. లోపల వాల్వులు వేడెక్కాలి. పదిహేను దాకా లెక్కపెట్టేసరికి ఆ గాజుబుడ్ల అడుగున ఎర్రటి వెలుగు కనబడుతుంది, దాంతోపాటే మోత మొదలవుతుంది. గుంయ్‌మని. ఇంకా ఎవరూ తీగ ముట్టుకోరు, చాచా గిటార్ ఒళ్లోకి తీసుకోనే తీసుకోడు, ఈ డబ్బా మాత్రం తన కచేరీ తాను పెట్టేస్తుంది. మెకానిక్కులు దీన్ని హమ్ము అంటారు. నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. మూడు నెలలు నా ఆదివారాలన్నీ అది తినేసింది. ఇప్పటికీ పక్కింట్లో గ్రైండర్ తిరిగితే నాకు ఒళ్లు మండుతుంది.

చాచా అంటే మా నాన్న తమ్ముడు. ఖమ్మంలో ఖిల్లా కింది గల్లీలో మాది పెళ్లి బ్యాండు కుటుంబం. తాతది క్లారినెట్టు, నాన్నది డ్రమ్ము. చాచా ఒక్కడే హవాయిన్ గిటార్ పట్టాడు. అది భుజానికి తగిలించుకునేది కాదు. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో నున్నటి స్టీలు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడిచేత్తో మీటుతారు. కడ్డీ జారినకొద్దీ స్వరం మనిషి గొంతులాగా సాగుతుంది. హిందువుల పెళ్లయినా, మా వాళ్ల నిఖా అయినా, పిల్లను సాగనంపే వేళకు చాచా తాను కట్టుకున్న బాణీ ఒకటి వాయించేవాడు. దానికి పేరు లేదు, మాటలు లేవు, మొత్తం నాలుగు నిమిషాలు. అది మొదలైందంటే పెళ్లికూతురి తల్లి సంగతి అటుంచండి, వంటవాళ్లు కూడా గరిటెలు పక్కన పెట్టి ముక్కులు తుడుచుకునేవారు. వేంసూరు, సత్తుపల్లి వైపు నుంచి కూడా "ఆ గిటారాయన వస్తేనే బ్యాండు మాట్లాడుకుంటం" అనేవాళ్లు ఉండేవారు. తర్వాత డీజే బండ్లు వచ్చాయి. బ్యాండు మూలపడింది.

ఆ బాణీ ఎక్కడా రికార్డు కాలేదు. చెబితే ఎవరూ నమ్మరు. అన్ని పెళ్లిళ్లలో వీడియోలు తీశారు కదా అంటారు. తీశారు. కానీ మా వైపు పెళ్లి వీడియోలు కలిపేవాళ్లకు ఒక దురలవాటు ఉంది. పందిట్లో వినబడిన అసలు శబ్దమంతా తీసిపారేసి, దాని మీద సినిమా పాట వేస్తారు. నేను ఇల్లిల్లూ తిరిగి పాత క్యాసెట్లు, సీడీలు పెట్టించుకుని చూశాను. ప్రతిదాంట్లోనూ చాచా ఉన్నాడు. తల కొంచెం వంచి, కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. వినిపించేది మాత్రం ఎవరో హీరో పాట. అలాంటివి ఏడు చూశాక రిమోట్ తీసి విసిరికొట్టాను. అది వాళ్ల రిమోట్ అన్న సోయి కూడా లేకపోయింది.

ఇంత ఆత్రం ఎందుకంటే, పోయిన ఏడాది నుంచి చాచా ఎడమచెయ్యి వణుకుతోంది. చాయ్ కప్పును సాసరు మీద పెట్టేటప్పుడు టకటకమంటుంది. దవాఖానాలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మందులతో కొంత అదుపులో ఉంటుందిగానీ పోదనీ, పెరుగుతూ పోయేదేననీ తేల్చి చెప్పాడు. ఆయన ముందు చాచా నవ్వాడు. "పర్వాలేదు డాక్టర్ సాబ్, గిటార్‌ల గమకం మంచిగ వస్తది" అన్నాడు. నేను నవ్వలేదు. ఆ చెయ్యి మాట వింటున్నన్నాళ్లలోనే ఆ నాలుగు నిమిషాలు పట్టుకోవాలి. నాకు కావలసింది అంతే.

నేను సారపాకలో కాగితం మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. అక్కడ ఇంతింత లావు పైపుల్లో ఏం పారుతోందో, ఎంత వేడి మీద ఉందో చెప్పే మీటర్లు నా చేతి కింద ఉంటాయి. వాటిలో ఎక్కడ తప్పుడు సిగ్నల్ వచ్చినా పట్టుకునేది నేనే. అలాంటివాణ్ణి ఒక రేకు డబ్బా ముందు ఓడిపోతానని అనుకోలేదు.

మొదటి ఆదివారం మొబైల్‌ను స్టూలు మీద పెట్టి, వాయించు చాచా అన్నాను. మోత మొదలైంది. చాచా బాణీ ఎత్తుకున్నాడు. నిమిషం కూడా కాకముందే నేను ఇయర్‌ఫోన్లలో విని ఆపేశాను. స్వరం వెనకాల మిల్లు మొత్తం నడుస్తున్నట్టుంది.

"ఆగు చాచా. గిట్ల వద్దు. ముందు దీన్ని బాగు చేద్దాం, తర్వాత రికార్డు."

"పెండ్లిల ఎవడన్న అడిగిండా బేటా, మోత వస్తందని?"

"పెండ్లి వేరు, ఇది వేరు."

"ఉండనియ్యరాదు. అది మోగుతుంటేనే నాకు శ్రుతి."

మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం. పని సంగతి వచ్చిందంటే మాత్రం చాచా తెలుగులోకి దిగుతాడు, నన్నూ దింపుతాడు. పెళ్లివారితో బేరమాడిన భాష అది. ఆయన తెలుగులో వద్దంటున్నాడంటే నిజంగానే వద్దంటున్నాడని నేను అప్పుడే గ్రహించాల్సింది. గ్రహించలేదు. శ్రుతి అట! ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాను. ఆ హమ్మును తీసేసే యాప్ ఒకటి మొబైల్లో వేసి చూశాను. హమ్ముతోపాటు మంద్రపు తీగ కూడా మాయమైంది. దోస్తు దగ్గర్నుంచి కొత్త రకం ఆంప్లిఫయర్ తెచ్చాను. చాచా రెండు తీగలు మీటి కడ్డీ కింద పెట్టేశాడు. "ఇది ప్లాస్టిక్ బకెట్ లెక్క మోగుతంది" అన్నాడు. అబద్ధం కాదు. ఆయన డబ్బా స్వరానికి ఒక వెచ్చదనం ఉంది. నలభై ఏళ్ల కిందట ఒక చచ్చిన రేడియో, ఒక బడి మైకు సెట్టు, రెండూ విప్పి, వాటి వాల్వులతో తానే కట్టుకున్న పెట్టె అది.

సరే, దాన్ని సారపాకకు తీసుకుపోయాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. కొత్తగూడెంలో ఎక్కిన ఒక పెద్దామె నన్ను, దాన్ని మార్చి మార్చి చూసి, "ఏంది బిడ్డా, మైకా?" అంది. అవ్ అన్నాను. "చెప్పు మరి ఏదన్న" అంది. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లో ఉన్నది తేనెటీగల తుట్టె అని ఆమెకేం తెలుసు.

క్వార్టర్‌లో విప్పి చూస్తే కరెంటును చదును చేసే పాత కండెన్సర్లు ఎండిపోయి, ఉబ్బి ఉన్నాయి. వాటిలో మిగిలిన కరెంటు తగిలితే గోడకు కొట్టేస్తుంది కాబట్టి జాగ్రత్తగా ఖాళీ చేసి, కొత్తవి వేశాను. స్విచ్ వేశాను. మోత సగానికి సగం పడిపోయింది. వైర్లు సర్ది, ఎర్తు వైర్లన్నీ ఒకే చోటికి తెచ్చి బిగించాను. ఇంకా తగ్గింది. నా భుజం నేనే తట్టుకున్నాను. మరుసటి ఆదివారం మళ్లీ మూడు గంటలు బస్సులో మోసుకెళ్లి, ఖమ్మంలో ప్లగ్గు పెట్టి, పదిహేను లెక్కపెట్టాను.

గుంయ్. ఎప్పటిలాగే. నన్ను వెక్కిరిస్తున్నట్టు.

చాచా భార్య, మా చాచీ, వంటింటి గుమ్మంలోంచి చూసి, "ఆడలేక మద్దెల మీద పడ్డట్టుంది నీ పని. మంచిగున్నదాన్ని విప్పి పెట్టినవ్" అంది. అందరూ ఇంట గెలిచి రచ్చ గెలుస్తారు. నేను రచ్చ గెలిచి ఇంట ఓడాను.

కారణం దొరకడానికి ఇంకో ఆదివారం పట్టింది. దొరికాక నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఖమ్మం ఇంట్లో ప్లగ్గు సాకెట్లకు మూడు రంధ్రాలూ ఉన్నాయి. మూడోదాని వెనకాల వైరే లేదు. ఇల్లు కట్టినప్పుడు అందానికి పెట్టారు. మిల్లు క్వార్టర్లో గట్టి ఎర్తింగ్ ఉంది, అక్కడ మోత తగ్గింది. ఇక్కడ ఎర్తే లేదు. రోజూ మిల్లులో ఎర్తింగ్ లేకుండా మిషను ముట్టుకోవద్దని పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి, నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఆ వైరు ఉందో లేదో ఒక్కనాడూ చూడలేదు.

పెరట్లో గొయ్యి తవ్వాను. తవ్వగలిగే చోటు ఒక్కటే ఉంది, చాచీ పుదీనా మడి.

"నా పుదీన ఏం చేసిందిరా నీకు?"

"కరెంటుకు చాచీ. భూమిలకు పైపు దింపాలె."

"వాడకట్టోళ్లు బావి తవ్వుతున్నరా అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

పైపు దింపి, చుట్టూ రాళ్లుప్పు, ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చిన కట్టెబొగ్గు పొరలు పొరలుగా వేసి పూడ్చాను. ఆ చోటు ఎండిపోకూడదు, రోజూ బిందెడు నీళ్లు పొయ్యమని చాచీకి చెప్పాను. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఇనుప పైపుకు నీళ్లు పొయ్యాల్నా? కాయ గిట్ల కాస్తదా ఇది?" అంది. కానీ పోసింది. ఒక్కరోజూ తప్పలేదని తర్వాత చాచా చెప్పాడు.

మోత బాగా తగ్గింది. తగ్గింది అంటున్నాను, పోయింది అనడం లేదు. పెద్ద మోత పోయాక దాని కింద దాక్కున్న చిన్నవి బయటపడ్డాయి. ఫ్యాను రెగ్యులేటరు నుంచి జుర్రుమని ఒకటి. ట్యూబులైటు నుంచి ఒకటి. పక్కింట్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను నడిచినప్పుడల్లా చిటపటమని ఒకటి. ఆ ఇంటాయన దగ్గరికి వెళ్లి ఆదివారం పొద్దున ఒక గంట మిషను ఆపమని బతిమాలాను. ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న ఆదివారం కరెంటు లేదు. ఆ పై ఆదివారం కరెంటు ఉంది, బస్సు కుదుపులకు ఒక వాల్వు పగిలింది. అది హైదరాబాదు నుంచి రావడానికి రెండు వారాలు. వచ్చింది వేసి చూస్తే పాతదానికన్నా ఎక్కువ బుస్సుమంది, వాపసు పంపి ఇంకోటి తెప్పించాను. తలప్రాణం తోకకొచ్చింది.

ఈ మూడు నెలల్లో చాచా రోజూ ఏం చేశాడో నాకు తెలియదు. నేను వెళ్లిన ఆదివారాలు మాత్రం మంచం మీద కూర్చుని నా వీపు చూస్తుండేవాడు. నేను డబ్బాలోకి తల దూర్చి ఉండేవాణ్ణి. అప్పుడప్పుడూ "ఒక తీగ మీటు చాచా" అనేవాణ్ణి, మీటేవాడు. "ఆపు" అనేవాణ్ణి, ఆపేవాడు. బాణీ ఒక్కసారి కూడా మొత్తం వాయించనివ్వలేదు. ఉన్న ఓపికంతా అసలు రికార్డింగు కోసం దాచిపెట్టుకోమన్నాను. ఇది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం. మధ్యలో ఆయన సాకులు చెబుతూనే ఉన్నాడు. ఇవాళ ఒంట్లో బాగాలేదు. ఇవాళ నమాజుకు జల్దీ పోవాలె. ఇంత చిన్న మోత ఎవనికి వినబడుతది, పోనియ్యరాదు. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు మండేది. ఈయన కోసమే కదా నేను చస్తున్నది, ఈయనకే పట్టకపోతే ఎలా అనుకునేవాణ్ణి. ఒకసారి పైకే అన్నాను. చాచా లేచి బయటికి వెళ్లాడు.

ఆఖరికి మిగిలింది వాల్వులను వేడి చేసే తీగల జత. వాటిని నలభై ఏళ్ల కిందట చాచా విడివిడిగా లాగాడు. వాటిని తీసేసి, రెండు కొత్త వైర్లను జడలా గట్టిగా మెలేసి, స్వరం నడిచే వైరుకు దూరంగా మూలల్లోంచి తిప్పాను. అది క్వార్టర్లో నాలుగు సాయంత్రాల పని.

ఆ ఆదివారం పొద్దున పదింటికి ట్యూబులైటు ఆపాను. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్ ఆపాను. పక్కింటి మిషను ఆగింది. స్విచ్ వేసి లెక్కపెట్టాను. పదిహేను. ఇరవై. వాల్వులు ఎర్రబడ్డాయి. ఏమీ లేదు. స్పీకరుకు చెవి ఆనించాను. ఏమీ లేదు. చాచీ వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తున్న చప్పుడు వినబడింది. నేను కేక వేసి లేచి చాచా భుజాలు పట్టుకుని ఊపేశాను.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది చాచా! ఇగ నువ్వు వాయించుడే."

ఆయన నవ్వలేదు. గిటార్ ఒళ్లో పెట్టుకుని, స్టీలు కడ్డీని లుంగీ అంచుతో చాలాసేపు తుడిచాడు. నేను మొబైల్లో రికార్డింగు నొక్కి, మాట్లాడకుండా చెయ్యి ఊపాను.

మొదటి స్వరం నిండుగా లేచింది. రెండోది దాని మీదికి జారింది. మూడోదాని దగ్గర చాచా కడ్డీని ఒకచోట నిలిపి స్వరాన్ని సాగదీయాలి. నిలిపాడు. అప్పుడు వినబడింది. టిక్ టిక్ టిక్ టిక్. సన్నగా, ఇనుము మీద ఇనుము కొట్టుకుంటున్నట్టు.

"ఆగు చాచా!" అన్నాను. ఇంకా ఏం మిగిలిందిరా దేవుడా అని ఏడుపొచ్చినంత పనైంది. "ఏదో వాల్వు లూజున్నది." పెన్సిలు తీసి ఒక్కో వాల్వు మీద మెల్లగా తట్టాను. ఏదీ మోగలేదు. సాకెట్లు నొక్కి చూశాను. గిటార్ నుంచి వచ్చే వైరు కదిలించాను. స్పీకరు మరలు బిగించాను. "ఇప్పుడు మీటు" అన్నాను.

మీటాడు. టిక్ టిక్ టిక్.

మళ్లీ డబ్బా వెనక్కి వంగాను. చాచా నా పేరు పెట్టి పిలిచాడు. నేను తల తిప్పాక, కడ్డీని తీగల మీద నుంచి పైకెత్తాడు. చప్పుడు ఆగింది. మళ్లీ ఆనించాడు. టిక్ టిక్ టిక్. పైకెత్తాడు. ఆగింది.

"వాల్వు కాదు బేటా," అన్నాడు. "నేనే."

నేను పెన్సిలు కింద పెట్టాను.

"మోత ఉన్నప్పుడు ఇది దాని కింద పడి పోయేది. ఎవనికి తెలిసేది కాదు. నాకు ఒక్కనికే తెలుసు. నువ్వు ఇల్లంత ఊడ్చిపెట్టినవ్. ఇప్పుడు నా చెయ్యి ఒక్కటే వినబడ్తంది."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఎంత సిగ్గుమాలిన కోపమో తెలిసే చెబుతున్నాను.

"ముందే చెప్పొద్దా? మొదటి రోజే చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? అప్పుడు గింత లేకుండె. నువ్వు ఒకటి బాగు చేసేలోపు నాది ఇంకొంచెం పెరిగే. గంత కష్టపడి వస్తుంటివి, వద్దంటే నీకు కోపమొస్తుండె."

స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. ఎర్తు వైరు ఊడదీస్తాననీ, కొత్త కండెన్సర్లు పీకేస్తాననీ, ఒక్క పది నిమిషాల్లో మోత తిరిగి తెప్పిస్తాననీ, దాంట్లోనే వాయించమనీ ఏదేదో అన్నాను. చాచీ ఉల్లిగడ్డ కోయడం ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పిచ్చోనివా?" అన్నాడు చాచా. "చేసిన పని చెడగొట్టుకుంటరా ఎవరన్న? కింద పెట్టు అది. ఇటు రా, కూసో."

కూర్చున్నాను. గిటార్ తీసి నా ఒళ్లో పెట్టాడు. కడ్డీ నా ఎడమచేతిలో పెట్టాడు. మా ఇంట్లో వాయిద్యం పట్టని మొదటివాణ్ణి నేనే. ఐటీఐకి పంపినప్పుడు నాన్న, చాచా ఇద్దరూ గర్వంగా అందరికీ చెప్పుకున్నారు. ఆ కడ్డీ అంత బరువుంటుందని నాకు తెలియదు.

"ఇక్కడ ఆనించు. అదుమొద్దు, ఆనించు." చూపించడానికి నా మణికట్టు మీద చెయ్యి వేశాడు. ఆ వణుకు నా చేతిలోకి, చేతిలోంచి కడ్డీలోకి దిగింది. టిక్ టిక్ టిక్. ఇద్దరం విన్నాం. చాచా చెయ్యి తీసేసుకున్నాడు. దాన్ని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

"నేను నోటితోని చెప్త. నువ్వు జరుపు."

కళ్లు మూసుకుని పాడాడు. మాటలు లేని బాణీని తా, నా అంటూ, బొంగురు గొంతుతో. నేను జరిపాను. ఘోరంగా మోగింది. అంత శుభ్రమైన ఆంప్లిఫయర్‌లో నా తప్పు దాక్కోవడానికి చోటే లేదు.

"కాదు. ఇంకొంచెం మీదికి. వినబడ్తలేదా నీకు?"

ఇంకొంచెం మీదికి జరిపాను. మొబైల్లో రికార్డింగు నడుస్తూనే ఉంది. ఆపాలని నాకు తోచలేదు.

"కాదు," అన్నాడు చాచా. "మళ్ల."